కాలువ గట్టు మీద ఎల్డర్ పూలు కోసుకోవచ్చా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తెనాలి. మా వారి ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చి మూడేళ్లయింది. పోయిన వేసవిలో పక్కింటి పెద్దావిడ ఇంట్లో చేసిన ఎల్డర్‌ఫ్లవర్ కార్డియల్, అంటే ఎల్డర్ అనే చెట్టు పూలతో చేసే చిక్కటి షర్బత్, ఒక సీసా ఇచ్చారు. చల్లటి నీళ్లలో కలుపుకుని తాగితే ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ఇప్పుడు వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నారు, అడుగుదామంటే లేరు. మేం రోజూ నడిచే కాలువ గట్టు పొడుగునా తెల్లగా ఏవో పూలు విరగబూశాయి. అవేనో కాదో తెలియడం లేదు. ఫోన్‌లో యాప్ ఒకసారి ఎల్డర్ అంటుంది, ఇంకోసారి ఇంకేదో పేరు చెబుతుంది. మా వారేమో "వీసా మీద ఉన్నాం, ఎవరి చెట్టో తెలియకుండా కోస్తే లేనిపోని తలనొప్పి" అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. జూన్‌లో మా అత్తయ్య గారు వస్తున్నారు, ఆవిడకి షుగర్ ఉంది. ఆరేళ్ల పాప ఉంది. ఈ పూలతో షర్బత్ ఎలా చేయాలి, వంటల్లో ఎలా వాడాలి, ఎవరెవరు తాగొచ్చు? పెరట్లో ఒక చెట్టు పెంచుకోవచ్చా?
రెడింగ్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కోసుకోవచ్చు. చట్టం అడ్డురాదు, షర్బత్ చేయడమూ కష్టం కాదు. కానీ మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "కాలువ గట్టు పొడుగునా తెల్లగా ఏవో పూలు" అని రాశారు. మే, జూన్ నెలల్లో ఇంగ్లండ్‌లో నీటి పక్కన తెల్లగా పూసేవి చాలా ఉంటాయి. కౌ పార్స్లీ, హాథార్న్, హాగ్‌వీడ్ అన్నీ ఆ రోజుల్లోనే పూస్తాయి. జూన్ వచ్చేసరికి హెమ్‌లాక్ కూడా పూతకొస్తుంది. సోక్రటీస్ చేత తాగించింది దాని విషమే. హెమ్‌లాక్ వాటర్ డ్రాప్‌వర్ట్ అని దానికో చుట్టం ఉంది, అది ఏరికోరి తడినేలల్లో, కాలువ అంచుల్లో పెరుగుతుంది. దాని దుంప తిని మనుషులు, పశువులు ప్రాణం పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. అందుకని ఈ వారం కత్తెర, బుట్ట ఇంట్లోనే పెట్టి ఉత్త చేతులతో నడవండి. ముందు చెట్టు ఏదో తేల్చుకుందాం, వంట సంగతి ఆ తర్వాత.

మొదట చూడాల్సింది పువ్వు కాదు, కాండం. ఎల్డర్ చెట్టు, లేదా పెద్ద పొద. ఏదైనా దానికి కర్ర ఉంటుంది. నేలలోంచి పచ్చటి మెత్తటి కాడతో లేచిన మొక్క అయితే, పూలు ఎంత తెల్లగా ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఈ ఒక్క నియమం గట్టిగా పట్టుకుంటే హెమ్‌లాక్, వాటర్ డ్రాప్‌వర్ట్, కౌ పార్స్లీ, హాగ్‌వీడ్ అన్నీ ఒకేసారి పక్కకు తప్పుకుంటాయి. ఎల్డర్‌కే దగ్గరి బంధువైన డ్వార్ఫ్ ఎల్డర్ కూడా తప్పుకుంటుంది, అదీ కర్ర లేని మొక్కే, తినకూడనిదే. హెమ్‌లాక్ కాడ మీద ఊదారంగు మచ్చలుంటాయి, ఆకు సన్నగా చీలికలు చీలికలుగా ఉంటుంది. కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు పుట్టిన కుటుంబమే అదీ. అందుకే మన కంటికి ఆ ఆకు ఎప్పుడో చూసినట్టే అనిపిస్తుంది. ఆ పరిచయాన్ని నమ్మొద్దు. మనిషి ఎత్తు దాటి పెరిగే జయంట్ హాగ్‌వీడ్ అని ఇంకొకటి ఉంది. దాని పాలు ఒంటికి అంటుకుని, పైన ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి. పాపకి దాన్ని దూరం నుంచే చూపించి, ముట్టుకోవద్దని చెప్పండి.

కర్ర ఉన్న చెట్టే అని తేలాక దగ్గరికి వెళ్లండి. ముదురు మాను బెరడు బూడిద రంగులో, లోతుగా గీతలు పడి, బెండు బెండుగా ఉంటుంది. లేత కొమ్మల మీద చిన్న చిన్న పొక్కులు చేతికి తగులుతాయి. ఎండిన పుల్ల ఒకటి విరిస్తే లోపల తెల్లటి మెత్తటి బెండు కనిపిస్తుంది. ఆకులు కొమ్మకి రెండు పక్కలా ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఒక్కో ఆకులో మామూలుగా 5 గానీ 7 గానీ చిట్టి ఆకులు, వాటి అంచున రంపపు పళ్లు. ఇక్కడ ఒక పోలిక మోసం చేస్తుంది. రోవన్ అనే చెట్టుకీ కర్ర ఉంటుంది, మే నెలలో తెల్లటి గుత్తులు పూస్తుంది, వేపలా ఈనెకి రెండు వైపులా చిట్టి ఆకులుంటాయి. కానీ దాని చిట్టి ఆకులు 9 నుంచి 15 వరకు ఉంటాయి, ఆకులు ఎదురెదురుగా కాకుండా ఒకటి అటు, ఒకటి ఇటుగా వస్తాయి. లెక్కపెట్టి చూడండి. ఆకు ఒకటి నలిపి వాసన చూడండి. ఎల్డర్ ఆకు వాసన బాగుండదు, ముక్కు పక్కకు తిప్పుకుంటారు.

ఆ తర్వాతే పువ్వు. ఎల్డర్ పూలగుత్తి పైనంతా చదునుగా, అరచెయ్యంత మొదలుకుని ఒక్కోసారి పళ్లెమంత వెడల్పుగా ఉంటుంది. అందులో వందలకొద్దీ మీగడ రంగు పూలు, ఒక్కోటి అర సెంటీమీటరు. భూతద్దం అక్కర్లేదు, ఒక పువ్వు వేలి మీద పెట్టుకుని చూడండి. ఐదు రేకులు, వాటి మధ్య నుంచి ఐదు కేసరాలు, కేసరాల కొసన లేత పసుపు పుప్పొడి. వేలికి ఆ పసుపు అంటుకుంటుంది. మీరు తాగిన షర్బత్‌లోని రుచి ఎక్కువ భాగం ఆ పుప్పొడిదే, ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ పనికొస్తుంది. వాసన మస్కట్ అనే రకం ద్రాక్షకి దగ్గరగా, కొంచెం నిమ్మ కలిసినట్టు ఉంటుంది. ముదిరిన పువ్వు మాత్రం పిల్లి మూత్రం వాసన వేస్తుంది. అలాంటి గుత్తి ఒక్కటి పడినా గిన్నెడు షర్బత్ చెడిపోతుంది, కాబట్టి కోసే ప్రతి గుత్తినీ ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిందే.

కాండం, ఆకు, పువ్వు, వాసన. నాలుగూ కలిస్తేనే అది ఎల్డర్ (శాస్త్రీయ నామం సాంబుకస్ నైగ్రా). మూడు కలిసి ఒకటి కలవకపోతే కాదు. యాప్ చెప్పింది ఒక సూచన మాత్రమే, అది పువ్వు ఫోటో చూసి ఊహిస్తుంది. దానికి బెరడు తెలియదు, వాసన అసలే తెలియదు. మీ దగ్గర్లో అలాట్‌మెంట్ తోటలు ఉంటే అక్కడ కూరగాయలు పండించే పెద్దవాళ్లని ఎవరినైనా అడగండి. ఆ దేశంలో పుట్టి పెరిగిన పాతతరం వాళ్లకి ఈ చెట్టు మనకి వేపచెట్టు తెలిసినంత బాగా తెలుసు. చూపించమంటే సంతోషంగా వస్తారు. ఉగాదికి వేపపువ్వు కోసేటప్పుడు మనకెవరికీ అనుమానం రాదు కదా, చిన్నప్పటి నుంచి ఆ చెట్టు కింద తిరిగాం కాబట్టి. ఎల్డర్‌తో ఆ చనువు కొత్తగా తెచ్చుకోవాలి, రెండు వారాలు రోజూ అదే చెట్టు దగ్గర ఆగితే వస్తుంది.

ఇంకొక విషయం కూడా ముందే చెప్పాలి. ఎల్డర్ పువ్వు తినొచ్చు గానీ దాని ఆకులు, కాడలు, బెరడు, పచ్చికాయలు తినకూడదు. వాటిలో సాంబునైగ్రిన్ అనే పదార్థం ఉంది, కడుపులోకి వెళ్తే సైనైడ్ విడుదలవుతుంది. గోదావరి జిల్లాల్లో సగ్గుబియ్యం కోసం పండించే కర్రపెండలంలో ఉండేదీ ఇలాంటి విషమే, అందుకే దాన్ని వండకుండా తినరు. 1983 ఆగస్టులో కాలిఫోర్నియాలో కొందరు అక్కడి ఎల్డర్ పళ్లని ఆకులు, కొమ్మలతో సహా నలిపి రసం తీసి తాగారు. వాంతులు, కడుపునొప్పితో పడిపోతే ఎనిమిది మందిని హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అందరూ కోలుకున్నారు. పూలతో అంత భయం లేదు, గుత్తిలోని సన్నటి ఈనెలు కాసిన్ని ఉన్నా ఫరవాలేదు, లావు పచ్చటి కాడలు మాత్రం కత్తిరించి పారేయాలి. పాపతో జాగ్రత్త. ఎల్డర్ పుల్లలో బెండు సులువుగా ఊడి వచ్చేస్తుంది, గొట్టంలా తయారవుతుంది. దానితో ఈలలు, ఊదుడు గొట్టాలు చేసుకోవడం అక్కడి పిల్లలకి పాత సరదా. ఆ పుల్ల నోట్లో పెట్టుకోనివ్వకండి.

ఇక వీసా భయం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ ఈ సంగతి సూటిగా చెబుతుంది. దానంతట అది పెరిగిన మొక్క నుంచి పూలు, పళ్లు, ఆకులు సొంతానికి కోసుకోవడం దొంగతనం కాదు, ఆ నేల ఎవరిదైనా సరే. అమ్ముకోవడానికి కోస్తే మాత్రం దొంగతనం కిందికి వస్తుంది. 1981 నాటి ఇంకో చట్టం ప్రకారం నేల యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనైనా వేళ్లతో పెరకడం నేరం. మీరు పెరకడం లేదు, అమ్మడం లేదు. అయితే కోసుకునే హక్కు ఉందంటే ఎవరి పొలంలోకైనా దూరే హక్కు ఉన్నట్టు కాదు. అందరూ నడిచే బాట మీద నిలబడి చెయ్యి చాపితే అందినవే కోయండి. ఎవరి పెరటి గోడ మీంచో వాలిన కొమ్మ అయితే తలుపు తట్టి అడగండి. పార్కులకి, ప్రకృతి రక్షిత ప్రాంతాలకి సొంత నియమాలుంటాయి, గేటు దగ్గర బోర్డు చదవండి. రైలు కట్ట మీద ఎల్డర్ చెట్లు విరివిగా ఉంటాయి, చూస్తే నోరూరుతుంది. అక్కడికి మాత్రం అడుగు పెట్టొద్దు, రైల్వే స్థలంలోకి వెళ్లడమే నేరం. మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి. స్కాట్లండ్‌లో చట్టం వేరు. జర్మనీలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి: అక్కడ దీన్ని హోలుండర్ అంటారు, సొంతానికి ఒక చిన్న గుత్తి మేర కోసుకోవడానికి అక్కడి చట్టమూ ఒప్పుకుంటుంది.

ఎప్పుడు కోయాలి? దక్షిణ ఇంగ్లండ్‌లో మే చివర మొదలై జూన్ చివరి దాకా పూస్తాయి. వాన వెలిసిన వెంటనే కోస్తే పుప్పొడి అంతా కొట్టుకుపోయి ఉంటుంది. రెండు రోజులు పొడిగా ఉండి, ఎండ వచ్చి, మంచు ఆరిన పొద్దుటి పూట మంచిది. గుత్తిలో ముప్పాతిక వంతు పూలు విచ్చుకుని, మిగతావి మొగ్గలుగా ఉన్నదాన్ని తీసుకోండి. గోధుమరంగు తిరిగిన పువ్వు ఒక్కటి కనిపించినా ఆ గుత్తి వదిలేయండి. కాలువ గట్టు మీద కుక్కల్ని తిప్పుతారు కాబట్టి నడుం కంటే ఎత్తులో ఉన్నవే కోయండి. లారీలు తిరిగే రోడ్డు పక్కవి, మందు కొట్టే పొలం గట్టువి వద్దు. ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమర్చి నల్లబడతాయి, బుట్ట గానీ కాగితపు సంచీ గానీ పట్టుకెళ్లండి. ఒక చెట్టు నుంచి నాలుగైదు గుత్తులు చాలు. ఇవాళ కోసిన ప్రతి గుత్తీ సెప్టెంబరులో పక్షులు తినాల్సిన పళ్లు. బ్లాక్‌బర్డ్‌లు, బ్లాక్‌క్యాప్‌లు వలసకి, చలికాలానికి ఒంట్లో కొవ్వు దాచుకునేది ఈ పళ్లతోనే. చెట్టు మీద చెయ్యి వేసే ముందు దానిలో ఉండే తల్లిని అనుమతి అడగాలని డెన్మార్క్‌లో, ఇంగ్లండ్ పల్లెల్లో పాత నమ్మకం. పొద్దుగూకాక చెట్టు జోలికి వెళ్లొద్దని మన పెద్దవాళ్లు చెప్పే మాట మీకూ గుర్తొచ్చే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక పూలు కడగొద్దు. మన అలవాటుకి ఇది చాలా కష్టమని తెలుసు. కానీ పుప్పొడి సంగతి చెప్పాను కదా, కడిగితే అది కుళాయి కింద పోతుంది. ఒక తెల్ల గుడ్డ మీద పరిచి అరగంట వదిలేస్తే పురుగులు వాటంతట అవే పోతాయి, మిగిలినవాటిని గుత్తి పట్టుకుని మెల్లగా దులిపితే సరి. కోసిన రెండు మూడు గంటల్లోపే గిన్నెలో పడాలి. ఫ్రిజ్‌లో పెట్టి రేపు చూద్దాం అనుకుంటే రేపటికి ఆ వాసన ఉండదు.

షర్బత్‌కి కొలత ఇది: లీటరు నీళ్లు, కిలో పంచదార, అరచెయ్యంత గుత్తులు 20, మైనం పూయని నిమ్మకాయలు రెండు (సూపర్ మార్కెట్లో దొరికే పెద్ద పసుపు నిమ్మకాయలు), నిమ్మ ఉప్పు 40 గ్రాములు. నిమ్మ ఉప్పు కోసం మందుల షాపుల చుట్టూ తిరగక్కర్లేదు, ఇండియన్ షాపుల్లో ప్యాకెట్లలో దొరుకుతుంది, ఇంట్లో వైన్ చేసుకునే సామాను అమ్మేచోట కూడా ఉంటుంది. స్టీలు గిన్నె తీసుకోండి. ఇత్తడి, అల్యూమినియం వద్దు, పులుపుకి చిలుమెక్కుతాయి. నీళ్లలో పంచదార వేసి కరిగేదాకా కాచి, ఒక పొంగు రాగానే దించేయండి. పాకం పట్టక్కర్లేదు. ఆ తర్వాత ఓపిక పట్టాలి. మరిగే నీళ్లు పూల మీద పోయమని చాలామంది చెబుతారు, అలా చేసినా షర్బత్ అవుతుంది. నాకు మాత్రం గోరువెచ్చగా చల్లారాక పూలు వేస్తేనే ఇష్టం. వేడి ఎక్కువైతే సువాసనలో పైపైన ఉండే తాజాదనం ఆవిరితో పోయి, ఉడికిన ఆకు వాసన వస్తుంది.

గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి, నిమ్మకాయల పై తొక్క తురిమి వేసి, కాయల్ని చక్రాలుగా కోసి వేయండి. పూలగుత్తుల లావు కాడలు కత్తిరించేసి, తలకిందులుగా ముంచండి. మూత పెట్టి, ఇంట్లో చల్లటి చోట 24 గంటలు ఉంచండి. మధ్యలో రెండుసార్లు కలపండి. మర్నాడు మూత తీసినప్పుడు మీ పక్కింటావిడ సీసా తీసిననాటి వాసనే రావాలి. వడగట్టడానికి పలచటి నూలు పంచె ముక్క బాగుంటుంది, కానీ దాన్ని ముందు ఉత్తినీళ్లలో మరిగించి పిండండి. బట్టలకి వాడే సువాసన ద్రవం ఏ కాస్త మిగిలి ఉన్నా అది షర్బత్‌లోకి దిగిపోతుంది. వడగట్టేటప్పుడు గట్టిగా పిండొద్దు, మడ్డి దిగుతుంది.

సీసాలు సబ్బుతో కడిగి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి తీయండి. ఫ్రిజ్‌లో నెల రోజులు నిలవ ఉంటుంది. ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే ప్లాస్టిక్ సీసాల్లో పైన కాస్త ఖాళీ వదిలి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, సంక్రాంతికి కూడా తాగొచ్చు. మూత తీస్తే బుడగలు వచ్చినా, పైన బూజు కనిపించినా పారబోయండి. గ్లాసులో 25 మిల్లీలీటర్లు పోసి చల్లటి నీళ్లు గానీ సోడా గానీ నింపితే చాలు. రాయలసీమలో నన్నారి షర్బత్‌కి చేసినట్టు పైన నిమ్మచెక్క పిండితే ఇంకా బాగుంటుంది. యాలకులు మాత్రం వేయకండి, పచ్చకర్పూరం, కుంకుమపువ్వు కూడా వద్దు. తీపి అనగానే మన చెయ్యి యాలకుల డబ్బా మీదికి వెళ్తుంది. ఎల్డర్ పువ్వుది చాలా నాజూకైన వాసన, యాలక్కాయ పక్కన అది నిలబడదు.

ఎల్డర్‌ఫ్లవర్ షాంపేన్ అని మీకు ఇంకో పద్ధతి కనిపిస్తుంది. పూల మీద సహజంగా ఉండే ఈస్ట్‌తో పులియబెట్టేది. రుమేనియాలో సొకాతా అని ఇలాంటిదే ఎండలో పెట్టి రెండు మూడు రోజుల్లో తాగేస్తారు. మొదటి ఏడాది మీరు దీని జోలికి వెళ్లొద్దు. పులిసేకొద్దీ ఆల్కహాల్ వస్తుంది, ఎంత వస్తుందో ఇంట్లో కనిపెట్టలేం. అంతకంటే ముఖ్యంగా, మూత బిగించిన గాజు సీసాలో గ్యాస్ పెరిగితే సీసా పేలుతుంది. ఆరేళ్ల పాప తిరిగే ఇంట్లో ఆ గాజుపెంకుల భయం అక్కర్లేదు. ఆ పేరు మీదే 1993లో ఒక పెద్ద కేసు నడిచింది. ఇంగ్లండ్‌లోని సర్రేలో తయారయ్యే ఆల్కహాల్ లేని ఎల్డర్ పానీయానికి షాంపేన్ అని పేరు పెట్టి అమ్మకూడదని ఫ్రాన్స్‌లో అసలు షాంపేన్ చేసే టైటాంజే సంస్థ కోర్టుకెక్కితే, అప్పీలు కోర్టు వాళ్ల వైపే తీర్పిచ్చింది.

వంటల్లోకి వస్తే, మీకు వెంటనే నచ్చేది బజ్జీ. జర్మనీ, ఆస్ట్రియాల్లో వేసవి మొదట్లో ప్రతి పల్లెలో వేసుకుంటారు. మన గుమ్మడిపువ్వు బజ్జీ చేతికి అలవాటైనవాళ్లకి ఇది ఏ పాటి పని? శనగపిండి మాత్రం వద్దు, దాని రుచి పువ్వుని మింగేస్తుంది. మైదా, బియ్యప్పిండి మూడు వంతులకి ఒక వంతుగా కలిపి, చిటికెడు ఉప్పు వేసి, బాగా చల్లటి సోడాతో దోసెల పిండి కంటే పలచగా జారుగా కలపండి. గుత్తిని కాడ పట్టుకుని పిండిలో ముంచి, ఎక్కువైంది దులిపేసి, పూలు కిందికి వచ్చేలా నూనెలో దించండి. పూలు విచ్చుకుని వల అల్లినట్టు పరుచుకుంటాయి. అప్పుడే కత్తెరతో పైకి కనిపించే లావు కాడ కత్తిరించేయండి. నిమిషంలో వేగిపోతుంది. పైన కాస్త పంచదార పొడి చల్లి, వేడివేడిగా, పూలు కొరుక్కుని కాడలు పక్కన పెట్టేయాలి. పాపకి మీరే కాడలు తీసి పెట్టండి.

పరమాన్నంలో కూడా వేయొచ్చు, అయితే షర్బత్ పోయకండి, నిమ్మ ఉప్పుకి పాలు విరిగిపోతాయి. తాజా గుత్తులు రెండు మూడు పలచటి గుడ్డలో మూటకట్టి, కాచి దించిన వేడి పాలలో ఇరవై నిమిషాలు ఉంచి తీసేయండి, ఆ పాలతో పంచదార పరమాన్నం వండండి. బెల్లం ఇక్కడ కుదరదు. జూన్‌లోనే అక్కడ గూస్‌బెర్రీలు (మన ఉసిరికాయలు కావు) వస్తాయి, పచ్చగా, పుల్లగా ఉంటాయి. అరకిలో కాయలు పంచదార వేసి ఉడికించి దించాక రెండు చెంచాల షర్బత్ కలిపి, చల్లారాక గిలక్కొట్టిన క్రీమ్‌తో తింటారు. ఆ దేశపు వంటల్లో ఈ జోడీకి సాటి లేదని నా అభిప్రాయం. స్ట్రాబెర్రీ ముక్కల మీద ఒక చెంచా చిలకరించినా చాలు. నిమ్మ కేకు వేడిగా ఉన్నప్పుడే పుల్లతో గుచ్చి షర్బత్ పోస్తే లోపలిదాకా పీల్చుకుంటుంది. 2018 మేలో బ్రిటన్ రాకుమారుడు హ్యారీ, మేఘన్‌ల పెళ్లి కేకు నిమ్మ, ఎల్డర్ పూలతో చేసిందే. దానికోసం రాజకుటుంబానికి చెందిన శాండ్రింగమ్ ఎస్టేట్ నుంచి పది సీసాల ఎల్డర్ కార్డియల్ తెప్పించారు.

అత్తయ్య గారి విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. ఈ షర్బత్ ఆవిడకి వద్దు. పైన చెప్పిన కొలతతో గ్లాసుకి 25 మిల్లీలీటర్లు పోస్తే అందులో 15 గ్రాముల పంచదార ఉంటుంది, అంటే మూడు నాలుగు చెంచాలు. "పూల రసం కదా, ఏం కాదులే" అని ఇంటికొచ్చిన వాళ్లు బలవంతం చేస్తారు, ఆవిడ కాదనలేక తాగుతారు. పంచదార తగ్గించి చేద్దామంటే నిలవ ఉండదు. దానికి బదులు ఆవిడ కోసం నాలుగు గుత్తులు నీడలో కాగితం మీద ఆరబెట్టండి. నాలుగైదు రోజుల్లో పూలు చేతితో రాలిస్తే రాలిపోతాయి. రెండు చెంచాల పూలు కప్పు వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, వడగట్టి, నిమ్మరసం పిండి ఇవ్వండి. జలుబు చేసినప్పుడు యూరప్‌లో తరతరాలుగా తాగే టీ ఇది. ఎప్పుడో ఒక కప్పు వేరు. రోజూ అలవాటు చేసుకుంటానంటే మాత్రం ఆవిడ వాడే షుగర్ మందుల పేర్లు చెప్పి డాక్టర్ని అడగండి. పుప్పొడి పడక తుమ్ములొచ్చే వాళ్లెవరైనా ఇంట్లో ఉంటే టీ అయినా షర్బత్ అయినా మొదట ఒక్క గుక్కే ఇచ్చి చూడండి. పాపకి పలచగా కలిపి ఇవ్వొచ్చు, పళ్లు పాడు కాకుండా భోజనంతో పాటు ఇవ్వండి.

ఇక పెరటి సంగతి. భేషుగ్గా పెంచుకోవచ్చు. నర్సరీ నుంచి కొనక్కర్లేదు, చెట్టున్న వాళ్లని అడిగి ఆకు రాలాక నవంబరులో పెన్సిలంత లావు కొమ్మ ఒక అడుగు పొడుగు ముక్క తెచ్చి, సగానికి పైగా మట్టిలో గుచ్చితే వసంతానికి చిగురిస్తుంది. చిన్న పెరడైతే బ్లాక్ లేస్ అనే నల్లటి ఆకుల రకం చూడండి, పూలు గులాబీ రంగులో ఉంటాయి, షర్బత్ కూడా లేత గులాబీ రంగులో వస్తుంది. వదిలేస్తే ఎల్డర్ ఇంటి పైకప్పు ఎత్తు పెరుగుతుంది కాబట్టి కత్తిరించాలి. కానీ చలికాలంలో అన్ని కొమ్మలూ మొదలంటా నరికేస్తే ఆ వేసవికి పూలుండవు, ఎందుకంటే పోయిన ఏడాది పెరిగిన కొమ్మల మీదే పూస్తుంది. ఏటా ముదురు కొమ్మల్లో మూడో వంతు తీసేసి మిగతావి ఉంచండి. అద్దె ఇల్లయితే నాటే ముందు ఇంటి ఓనర్‌కి ఒక మెసేజ్ పెట్టండి.